వాసన ఉన్న ఆర్కిడ్ కావాలంటే ముందు వంశం అడగాలి

గృహప్రవేశాలకూ పెళ్లిరోజులకూ ఈమధ్య తెల్లటి పెద్ద రేకుల ఆర్కిడ్ కుండీ కానుకగా ఇవ్వడం మామూలైపోయింది. అది చేతికి రాగానే తెలుగిళ్లలో ఎవరైనా చేసే మొదటి పని దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకోవడం. మల్లె, సంపెంగ, విరజాజి మధ్య పెరిగిన ముక్కులు మరి. ఏ వాసనా తగలదు. “అచ్చం ప్లాస్టిక్ పువ్వులా ఉందే” అనేసి టీవీ పక్కన పెట్టేస్తారు. ఆర్కిడ్లకు వాసన ఉండదన్న నమ్మకం చాలా ఇళ్లలో ఇలాగే స్థిరపడింది.

ఆర్కిడ్ కుటుంబంలో 25,000కు పైగా సహజ జాతులున్నాయి. వాటిలో వాసన ఉన్నవి బోలెడు. ఐస్‌క్రీముల్లో వాడే వనిల్లా ఒక ఆర్కిడ్ కాయ. అస్సాంలో బిహు పండక్కి ఆడవాళ్లు కొప్పులో పెట్టుకునే కపౌ పూలు కూడా ఆర్కిడ్‌వే. ఆ మొక్క, రింకోస్టైలిస్ రెటూసా, మన తూర్పు కనుమల్లోనూ పెరుగుతుంది. ఇంత వాసన ఉన్న కుటుంబంలో అంగడికి వచ్చిన మొక్కలకే వాసన లేకుండా ఎలా పోయింది?

కానుకగా వచ్చే ఆ తెల్ల పువ్వు ఫలెనాప్సిస్ సంకరం. దాని పూర్వీకుల్లో ముఖ్యమైనవి అమాబిలిస్, ఆఫ్రోడైటీ అనే రెండు జాతులు. వాటికి మొదటి నుంచీ చెప్పుకోదగ్గ వాసన లేదు. సంకరాలు చేసినవాళ్లు తరతరాలుగా ఎంచుకున్నది గుండ్రటి ఆకారం, బారుగా వంగే కాడ, రెండు మూడు నెలలు నిలిచే పూత, లారీలోనూ విమానంలోనూ ప్రయాణం తట్టుకునే రేకు. వాసన ఫొటోలో కనపడదు, కేటలాగులో అచ్చుకాదు, కాబట్టి దాని గురించి ఎవరూ పట్టించుకోలేదు. ఎర్ర రంగు కోసం కాట్లియా అనే మరో రకం ఆర్కిడ్‌లో చేసిన చిన్న సంకరాల్లోనూ ఇదే జరిగింది. వాటికి ఎరుపునిచ్చిన బ్రెజిల్ జాతి కాట్లియా కాక్సినియాకు వాసన లేదు. అది పిట్టల కోసం తయారైన పువ్వు, పిట్టలు రంగు చూసి వస్తాయి.

వాసన అనేది ఒకే పదార్థం కాదు కూడా. లినలూల్, జెరానియోల్, ఓసిమీన్, మిథైల్ బెంజోయేట్ లాంటివి పదుల సంఖ్యలో కలిస్తే ఒక పువ్వు వాసన అవుతుంది. ధనియాల్లో ప్రధానంగా ఉండే సువాసన ద్రవ్యం లినలూలే, జెరానియోల్ గులాబీలో ఉంటుంది. పువ్వు కణాల్లో వీటిలో ఒక్కొక్కటి తయారవడానికి కొన్ని ఎంజైములు వరసగా పనిచేయాలి. వాసన ఉన్న జాతిని వాసన లేనిదానితో కలిపితే ఆ వరసలో ఏదో ఒక మెట్టు నీరసపడొచ్చు. అప్పుడు పిల్ల మొక్కల్లో కొన్నింటికి వాసన వస్తుంది, కొన్నింటికి సగం వస్తుంది, కొన్నింటికి అసలు రాదు. ఎరువు మార్చినా, మందు కొట్టినా లేని వాసన రాదు. వాసన ఉన్న ఆర్కిడ్ ఇంట్లో పూయించాలనుకునేవాళ్లకు అసలు పని కుండీ దగ్గర కాదు, కొనేటప్పుడు పేరుచీటీ దగ్గర మొదలవుతుంది.

పేరుచీటీలో ఏముంటుంది

మనిషి చేసిన ఆర్కిడ్ సంకరాల్లో మొదట పూసింది 1856లో, ఇంగ్లండ్‌లో. వీచ్ నర్సరీలో పనిచేసిన జాన్ డొమినీ చేసిన ఆ మొక్కకు కలాంథీ డొమినై అని పేరు పెట్టారు. ఇప్పటికి నమోదైన సంకరాలు లక్ష దాటాయి. 1961 నుంచి ఆ రిజిస్టరు లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ చేతిలో ఉంది. ఏ సంకరం పేరు తెలిసినా దాని అమ్మానాన్నలు, తాతముత్తాతలు ఎవరో వెతికి పట్టుకోవచ్చు. ఇంత పద్ధతిగా వంశవృక్షం దాచిన పూల మొక్కలు వేరే ఏవీ పెద్దగా లేవు.

చీటీ మీద పేరు రెండు భాగాలుగా ఉంటుంది. మొదటి భాగం సంకరం పేరు. అది ఒకే తల్లిదండ్రులకు పుట్టిన తోబుట్టువులందరికీ చెందుతుంది. ఆ తర్వాత కొటేషన్ గుర్తుల మధ్య వచ్చేది ఒకే ఒక్క మొక్క పేరు, దాని నుంచి తీసిన నకళ్లకు కూడా అదే పేరు. ఈ తేడా ఎందుకంటే, ఆర్కిడ్ గింజ దుమ్ములా సన్నగా ఉంటుంది, లోపల ఆహార నిల్వ ఉండదు. అమెరికాలో లూయిస్ నడ్సన్ 1922లో పంచదార కలిపిన జెల్లీ మీద ఈ గింజలు మొలిపించి చూపించాక ఒక్క కాయ నుంచి వేల మొక్కలు తీయడం వీలైంది. ఆ వేలల్లో ఏ రెండూ అచ్చంగా ఒకలా ఉండవు. 1960లో ఫ్రాన్స్‌లో జార్జ్ మోరెల్ చిగురు ముక్క నుంచి ఆర్కిడ్లు పెంచే పద్ధతి చూపించడంతో నచ్చిన ఒక్క మొక్కకే నకళ్లు తీయడం మొదలైంది. అందువల్ల కొటేషన్ల మధ్య పేరున్న మొక్క కొంటే వాసన విషయంలో దాదాపు గ్యారంటీ. ఒట్టి సంకరం పేరున్న గింజ మొక్క కొంటే అది కొంత జూదమే. చీటీ లేకుండా “మిక్స్‌డ్ కలర్స్” అని అమ్మేవి అందం కోసం కొనుక్కోవాల్సినవి.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ ఆన్సీడియం షారీ బేబీ. 1983లో నమోదైంది. జేమీ సటన్ అనే సంకరాన్ని, మెక్సికో, మధ్య అమెరికా కొండల్లోని సోటోఆనమ్ అనే చిన్న గులాబీ రంగు జాతిని కలిపితే వచ్చింది. ఈ జాతిని ఇదివరకు ఆర్నిథోరింకమ్ అనేవాళ్లు. పాత చీటీల మీద ఇప్పటికీ ఆ పేరే ఉంటుంది. షారీ బేబీలో “స్వీట్ ఫ్రాగ్రెన్స్” అనే మొక్క నకళ్లు ప్రపంచమంతా పాకాయి. ముదురు మెరూన్ రేకులు, తెల్లటి పెదవి, బాగా పెరిగిన కాడకు వందకు పైగా చిన్న పూలు. వాసన చాక్లెట్, వనిల్లా కలిసినట్టు ఉంటుంది. ఇందులో సగం రక్తం సోటోఆనమ్‌ది, వాసనలో దాని వాటా ఎక్కువ. అదే సోటోఆనమ్‌ను కైరోఫోరమ్ అనే మరో జాతితో కలిపి హవాయిలో చేసిన ట్వింకిల్ 1958 నాటిది. అరచేయంత కుండీలో పెరుగుతుంది, దానికీ తియ్యటి వనిల్లా వాసన ఉంటుంది. ఒకే జాతి రెండు వేర్వేరు సంబంధాల్లోనూ వాసన మోసుకెళ్లింది.

మామిడి కొమ్మ మీద నుంచి సింగపూర్ దాకా

తెలుగు పాఠకులు ఎక్కువగా పట్టించుకోవాల్సిన కథ వాండా మిమి పామర్‌ది. సింగపూర్‌లోని జెమ్ నర్సరీ 1963లో నమోదు చేసిన సంకరం ఇది. తల్లి వాండా టాన్ చే యాన్, పేరుమోసిన అందగత్తె, కానీ చెప్పుకోదగ్గ వాసన లేదు. తండ్రి వాండా టెస్సెలాటా. మిమి పామర్ పువ్వు చూడ్డానికి గొప్పగా ఉండదు. గోధుమ, ఊదా కలిసిన రంగు, మధ్యస్తమైన సైజు. అయినా వాసన గల వాండాల పేర్లు చెప్పమంటే ఆగ్నేయాసియాలో ముందు వరసలో వచ్చే పేరు ఇదే. మలేషియాలో పరిశోధకులు ఈ పువ్వు వాసనను విడదీసి చూసినప్పుడు లినలూల్, ఓసిమీన్, మిథైల్ బెంజోయేట్ వగైరా కనిపించాయి. ఆ వాసన తండ్రి వైపు నుంచి వచ్చింది.

ఆ తండ్రి మనకు కొత్తేమీ కాదు. వాండా టెస్సెలాటా ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో మామిడి చెట్ల మీద, ఊరి బయట పాత చెట్ల మీద దానంతటదే పెరిగే మొక్క. పట్టీల్లాంటి సన్నటి గట్టి ఆకులు, కొమ్మను కరుచుకుని తెల్లటి లావుపాటి వేళ్లు, పసుపు పచ్చని రేకుల మీద గోధుమ రంగు గళ్లు, నీలం ఊదా పెదవి. ఆయుర్వేదంలో రాస్నగా వాడిన మొక్కల్లో ఇదొకటి. సామర్లకోటలో కంపెనీ ఉద్యోగిగా పనిచేస్తూ ఉత్తర సర్కారుల మొక్కల బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బరో, కోరమాండల్ తీరపు మొక్కల మీద తెచ్చిన గ్రంథం మొదటి సంపుటంలో 1795లో దీన్ని వర్ణించాడు. రైతులు దీన్ని బదనిక లెక్కన కట్టి చెట్టు మీద నుంచి గీకి పారేస్తుంటారు. బదనిక చెట్టు రసం పీలుస్తుంది. వాండా కొమ్మను ఊతంగా పట్టుకుని ఉంటుందంతే, చెట్టు నుంచి ఏమీ తీసుకోదు. ఇంత సువాసన ఉన్న, ఇంత ఎండ తట్టుకునే మొక్క పెరట్లోనే ఉండగా దాని బిడ్డను సింగపూర్ వాళ్లు చేసి పేరు తెచ్చుకున్నారు. కొంచెం ఉక్రోషం కలిగించే విషయమే.

సొంత మామిడి చెట్టు కొమ్మ విరిగిపడితే దాని మీదున్న వాండాను వేరే చెట్టుకు కట్టుకోవచ్చు. అడవిలోంచి పీక్కురావడం మాత్రం నేరం. అరకు దారిలో ఎవరైనా కట్టలు కట్టి అమ్మినా కొనకూడదు. ఆర్కిడ్ కుటుంబం మొత్తం సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం కింద ఉంది. పైగా అడవి నుంచి వేళ్లు తెగగొట్టి తెచ్చిన మొక్క ఇంట్లో బతకడం కష్టం.

పువ్వుకీ ఒక టైమ్ ఉంటుంది

“వాసన అన్నారు, ఏమీ రావట్లేదే” అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం గడియారం. ఆర్కిడ్ రోజంతా ఒకేలా వాసన వదలదు. తన మీదికి రావాల్సిన పురుగు ఎప్పుడు తిరుగుతుందో అప్పుడే వదులుతుంది. షారీ బేబీ ఎండ ఎక్కాక, పది పదకొండు గంటల నుంచి మధ్యాహ్నం దాకా బాగుంటుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే సగం కూడా ఉండదు. మిమి పామర్‌ది కూడా పగటి వాసనే, మధ్యాహ్నానికి గట్టిగా ఉంటుంది. బ్రాసవోలా నోడోసా దీనికి పూర్తిగా ఉల్టా. మధ్య అమెరికాకు చెందిన ఈ తెల్ల పువ్వు దగ్గరకు రాత్రిపూట పెద్ద చిమటలు వస్తాయి. పగలు ముక్కు ఆనించినా ఏమీ తెలియదు. చీకటి పడ్డాక నిమ్మ, మల్లె కలిసినట్టు వరండా అంతా పరుచుకుంటుంది. దీని సంకరం లిటిల్ స్టార్స్‌దీ అదే పద్ధతి. జపాన్‌లో సమురాయ్‌ల కాలం నుంచి పెంచుతున్న ఫాల్కాటా అనే చిన్న వాండా కూడా రాత్రి వాసనదే. దాన్ని నీలి రింకోస్టైలిస్‌తో కలిపి చేసిన లూ స్నీరీ కిటికీలో పట్టేంత చిన్నది, మంచి వాసన ఉన్నది.

పొద్దున వెళ్లి రాత్రి వచ్చేవాళ్లు షారీ బేబీ కొని ఆదివారాల కోసం ఎదురుచూసే బదులు బ్రాసవోలా పెంచుకోవడం తెలివైన పని. ఇంట్లో పగలంతా పెద్దవాళ్లు ఉంటే ఆన్సీడియం, వాండా వాళ్లకు ఆనందం.

మొగ్గ విచ్చిన రోజే వాసన రాదు. ఒకటి రెండు రోజులు ఆగాలి. మబ్బు పట్టిన రోజున, ఏసీ గదిలో చల్లగా పొడిగా ఉన్న గాలిలో వాసన తగ్గిపోతుంది. ముక్కు సంగతి కూడా ఉంది. ఒకే గదిలో అరగంట ఉంటే ఆ వాసన మెదడుకు పాతబడి తెలియడం మానేస్తుంది, బయటినుంచి వచ్చినవాళ్లకు మాత్రం గుప్పుమంటుంది. బీటా అయోనోన్ లాంటి కొన్ని పదార్థాల వాసన కొందరికి పుట్టుకతోనే సరిగా తెలియదు. ఒకే పువ్వు గురించి మొగుడూ పెళ్లాలు వాదించుకుంటే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు.

మన ఎండలకు ఏవి తట్టుకుంటాయి

కాకినాడ, విశాఖ, కోనసీమ వైపు ఏడాదిలో ఎక్కువ కాలం గాలిలో తేమ ఉంటుంది, రాత్రిళ్లు కూడా వెచ్చగా ఉంటాయి. అది వాండాలకు దాదాపు పుట్టింటి వాతావరణం. హైదరాబాద్, కరీంనగర్, అనంతపురం వైపు మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా పొడి గాలి అసలు శత్రువు. ఉష్ణోగ్రత 40 దాటడం కన్నా మధ్యాహ్నం తేమ 20, 30 శాతానికి పడిపోవడమే వేళ్లను ఎక్కువ దెబ్బతీస్తుంది. అక్కడ బ్రాసవోలా సంకరాలు, బాగా ఎదిగిన కాట్లియాలు నెట్టుకొస్తాయి. చలికాలం రాత్రిళ్లు 12, 15 డిగ్రీలకు దిగడం వాటికి నష్టం కాదు. వాండాలు మాత్రం ఆ నెలల్లో ఎదుగుదల ఆపేస్తాయి, అప్పుడు నీళ్లు తగ్గించాలి. హయసింత్ వాసనతో ఊరించే జైగోపెటాలమ్‌ను మైదాన ప్రాంతంలో కొనడం డబ్బు దండగ. దానికి చల్లటి రాత్రిళ్లు ఏడాది పొడుగునా కావాలి.

వాసన ఉన్న ఫలెనాప్సిస్ కావాలంటే బోర్నియో జాతి బెలీనా, దాని చుట్టం వయొలేసియా వంశంలో వెతకాలి. ఈ రెంటి కలయిక సమేరా. వయొలేసియాను అంబోయినెన్సిస్‌తో కలిపితే వచ్చింది ప్రిన్సెస్ కైయులానీ. పూలు చిన్నవి, మైనం పూసినట్టు మెరుస్తాయి. కాడకు ఒకసారి ఒకటో రెండో విచ్చుతాయి. నిమ్మ, గులాబీ కలిసిన వాసన. ఇక్కడే ఒక ముఖ్యమైన తేడా ఉంది. పెద్ద తెల్ల ఫలెనాప్సిస్ పూకాడ వేయాలంటే కొన్ని వారాలు 25, 26 డిగ్రీల లోపు చల్లదనం కావాలి. 28 దాటిన వేడిలో ఆకులు వేస్తూ కూర్చుంటుంది. అందుకే కోస్తాలో కానుక మొక్కలు చాలావరకు రెండోసారి పూయవు. బెలీనా వంశానికి ఆ చలి బెడద లేదు, అది వేడిలోనే పూస్తుంది. పూలు రాలగానే కాడ కత్తిరించమని పెద్ద ఫలెనాప్సిస్‌కు చెప్పే సలహా దీనికి వర్తించదు. బెలీనా సంకరాల కాడ పచ్చగా ఉన్నంతకాలం దాని కొస నుంచి మళ్లీ మళ్లీ మొగ్గలు వస్తాయి, ఒకే కాడ ఏడాది దాటి కూడా పూస్తుంది. కత్తిరించారంటే రాబోయే పూతను కోసేసినట్టే.

పెద్ద కాట్లియాల్లో నిమ్మ వాసనకు మూలం రింకోలేలియా డిగ్బియానా, కుచ్చుల పెదవి ఉన్న మధ్య అమెరికా జాతి. చీటీ మీద పేరుకు ముందు ఆర్ఎల్‌సీ అనో, పాత చీటీల్లో బీఎల్‌సీ అనో ఉంటే ఆ వంశం ఉందని అర్థం. పూలు అరచేయంత వస్తాయి, నిలిచేది రెండు మూడు వారాలే.

వేరు రంగు చూసి నీళ్లు

కొత్తగా ఆర్కిడ్ కొన్నవాళ్లు చేసే అతిపెద్ద పొరపాటు దాన్ని ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపిన కుండీలో పాతిపెట్టడం. చెట్ల కొమ్మల మీద గాలి తగులుతూ బతికే వేరు మట్టిలో వారాల్లో కుళ్లిపోతుంది. బొగ్గు ముక్కలు, ఇటుక లేదా పెంకు ముక్కలు, నానబెట్టి కడిగిన కొబ్బరి డొక్క ముక్కలు చాలు. తేమ ఎక్కువ ఉన్నచోట బొగ్గు, పెంకు పాలు పెంచాలి, పొడి ఊళ్లలో కొబ్బరి డొక్క పాలు పెంచాలి. వాండాకు అదీ అక్కర్లేదు. చెక్క బుట్టలో వేళ్లు కిందికి వేలాడేలా కట్టేస్తే సరి.

ఆ వేలాడే వేరును దగ్గర నుంచి చూస్తే నీళ్ల లెక్క అంతా అర్థమవుతుంది. ఎండినప్పుడు అది సుద్దముక్కలా తెల్లగా, వెండి మెరుపుతో ఉంటుంది. వేరు పైన వెలామెన్ అనే చచ్చిన కణాల పొర గాలితో నిండి ఉండటం వల్ల ఆ తెలుపు. నీళ్లు తగలగానే ఆ పొర పీల్చుకుని పారదర్శకమవుతుంది, లోపలి ఆకుపచ్చ బయటికి కనిపిస్తుంది. కొద్ది సెకన్లలో రంగు మారడం కంటితో చూడొచ్చు. ఒకసారి పోసి వదిలేస్తే అక్కడక్కడ తెల్ల మచ్చలు మిగులుతాయి, అంటే పొర ఇంకా నిండలేదని. ఐదు నిమిషాలాగి మళ్లీ పోస్తే వేరంతా ఒకే పచ్చగా అవుతుంది. అప్పుడు చాలించాలి. మళ్లీ తెల్లబడేదాకా ముట్టుకోనక్కర్లేదు. మే నెలలో అది సాయంత్రానికే తెల్లబడుతుంది, ఆగస్టులో కోనసీమలో రోజుల తరబడి తెల్లబడదు. వేరు కొస ఆకుపచ్చగానో ఊదాగానో నిగనిగలాడుతుంటే మొక్క ఎదుగుతోందని. కొస మూసుకుపోయి మొత్తం తెల్లగా ఉంటే విశ్రాంతిలో ఉందని.

ఏ నీళ్లు అన్నది కూడా అంతే ముఖ్యం. హైదరాబాద్ శివార్లలో బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. కొన్నాళ్లకు వేళ్ల మీద, కుండీ అంచున తెల్లటి గార పేరుకుంటుంది, వేరు కొసలు మాడిపోతాయి. ఇంట్లో ఆర్ఓ మిషన్ ఉంటే దాని పక్క గొట్టం నుంచి వచ్చే నీళ్లు పారబోయడం ఇష్టంలేక మొక్కలకు పోస్తుంటారు. ఆర్కిడ్‌కు అంతకన్నా హాని మరోటి లేదు, తాగే నీళ్లలోంచి తీసేసిన లవణాలన్నీ అందులోనే ఉంటాయి. వాన నీళ్లు పట్టుకుంటే అన్నిటికన్నా మేలు. ఏసీ నుంచి కారే నీళ్లలోనూ లవణాలు దాదాపు ఉండవు, వేసవిలో బకెట్లు బకెట్లు వస్తాయి, నిక్షేపంలా వాడుకోవచ్చు.

ఎరువు గురించి ఎక్కువ చెప్పాల్సిన పనిలేదు. ఎరువుల కొట్టులో దొరికే 19:19:19 లీటరుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము, వారానికోసారి, వేళ్లు తడిసి ఉన్నప్పుడు. నెలకోసారి ఉత్త నీళ్లతో బాగా కడగాలి. “పూత మందులు” అని అమ్మే సీసాలు వెలుతురు లేని మొక్కను పూయించలేవు.

పూత రాకపోవడానికి ముఖ్య కారణం ఆ వెలుతురే. ఆకు ముదురు పచ్చగా నిగనిగలాడుతుంటే ఇంటివాళ్లకు ముచ్చటేస్తుంది, కానీ నీడ ఎక్కువైందని మొక్క చెబుతున్న మాట అది. ఆన్సీడియం, కాట్లియా, వాండా ఆకులు లేత పచ్చగా, కాస్త పసుపు వైపు మొగ్గి ఉన్నప్పుడే పూస్తాయి. తూర్పు బాల్కనీలో ఉదయపు ఎండ బెలీనా వంశానికి తెర వేసి, ఆన్సీడియంకు నేరుగా సరిపోతుంది. మేడ మీద పెంచితే మామూలు రోజుల్లో 50 శాతం షేడ్ నెట్, ఏప్రిల్, మే నెలల్లో 75 శాతం. నెట్ లేకుండా ఒక్క మే మధ్యాహ్నం చాలు, ఆకు మీద కాలిన మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది.

షారీ బేబీ ఉన్నవాళ్లకు రెండు టెన్షన్లు తప్పవు. ఆకుల మీద చిన్న నల్ల మచ్చలు వస్తాయి. ఆ మొక్క స్వభావమే అంత, కొత్తగా మెత్తబడి వ్యాపించకపోతే వదిలేయొచ్చు. రెండోది కొత్త ఆకులు విసనకర్రలా మడతలు పడటం. అది ఎదిగే వయసులో నీళ్లు తక్కువయ్యాయనడానికి గుర్తు. పడ్డ మడత విప్పుకోదు, తర్వాతి ఆకు బాగా రావడానికి నీళ్లు పెంచాలి. దీనికి కింద ఉబ్బిన దుంప లాంటి కాండం పూర్తిగా లావెక్కాకే దాని మొదటి నుంచి పూకాడ వస్తుంది. కాడ కనపడ్డాక పూలు విచ్చడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా కుండీని ఇటు అటు తిప్పుతూ ఉంటే కాడ వంకర్లు తిరుగుతుంది.

మొగ్గలు పచ్చబడి రాలిపోవడం వాసన కోసం నెలలు ఎదురుచూసినవాళ్లకు పెద్ద దెబ్బ. మన ఇళ్లలో దీనికి ఒక మామూలు కారణం ఎవరికీ తట్టదు. మే నెలలో మామిడికాయలు గడ్డిలో పెట్టి మాగేసే గదిలోనే ఆర్కిడ్ ఉంటుంది. పండే మామిడి, అరటి వదిలే ఇథిలీన్ వాయువు కాయను పండించినట్టే మొగ్గను ముసలిదాన్ని చేసేస్తుంది. పూజగది అగరొత్తుల పొగ కూడా మొగ్గలకు మంచిది కాదు. తామర పురుగులు పట్టినా మొగ్గ విచ్చకుండా గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆకుల సందుల్లో పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవాలి. వానాకాలంలో నత్తలు రాత్రిపూట వేరు కొసలు కొరికేస్తాయి, టార్చి వేసి ఏరడమే మందు. ఫలెనాప్సిస్ నడినెత్తిన ఆకుల మధ్య రాత్రంతా నీళ్లు నిలిస్తే మొక్క మొత్తం కుళ్లుతుంది. కుండీని కాస్త వాల్చి కడితే ఆ బాధ ఉండదు.

కొనేటప్పుడు

పూసి ఉన్న మొక్కను దాని టైమ్‌లో వాసన చూసి కొనడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. కడియం వెళ్లినా, ఊళ్లో నర్సరీకి వెళ్లినా ఆన్సీడియం, వాండా కోసం పదకొండు గంటలప్పుడు వెళ్లాలి. తెల్లవారుజామున వెళ్లి వాసన లేదని తిరిగి రావద్దు. బ్రాసవోలా విషయంలో ఇది కుదరదు, రాత్రి ఎనిమిదికి ఏ నర్సరీ తెరిచి ఉండదు. అది పేరు చూసి కొనుక్కోవాల్సిందే. ఆన్‌లైన్‌లో కొంటే పూల ఫొటో కాదు, చీటీ ఫొటో, వేళ్ల ఫొటో అడగాలి. చీటీ పంపలేని అమ్మకందారు వాసన గురించి ఇచ్చే హామీకి విలువ లేదు.

మిమి పామర్ అడిగినప్పుడు చాలాచోట్ల ఏదో ఒక “ఫ్రాగ్రెంట్ వాండా” చూపిస్తారు. ఆకు సన్నగా, మధ్యలో గాడి పడి, పువ్వు మీద లేతగానైనా గళ్లు ఉంటే అందులో టెస్సెలాటా రక్తం ఉండే అవకాశం ఎక్కువ. ఆకు వెడల్పుగా, పువ్వు నీలంగా పళ్లెమంత ఉంటే అది సీరూలియా వంశం, వాసన ఆశించొద్దు. ప్యాకెట్లో వచ్చిన వాండా మొదటి ఏడాది పూయకపోతే కంగారుపడక్కర్లేదు. పాత వేళ్లలో చాలా భాగం ప్రయాణంలో నలిగి చచ్చిపోతాయి, కొత్త వేళ్లు బుట్టను పట్టుకునేదాకా అది కాడ వేయదు. మార్చికి ముందు తెచ్చుకుంటే ఆ కొత్త వేళ్లు సరిగ్గా ఎండలు ముదిరే వేళకు బయటికొచ్చి మాడిపోతాయి. జూన్ చివర్లో, తొలి వానలు పడ్డాక తెప్పించుకుంటే నాలుగు నెలల తడి గాలి ఉచితంగా దొరుకుతుంది, దీపావళి నాటికి మొక్క బుట్టలో నిలదొక్కుకుంటుంది.